ముందు పని – తరువాత పేరు

మన ఊళ్ళలో ఒక కుర్రవాడు ఐ.టి.ఐ.లోనో, పాలిటెక్నిక్‌లోనో, ఒకేషనల్ ఇంటర్‌లోనో చేరాడని తెలిస్తే పెద్దలు మొట్టమొదట అడిగే ప్రశ్న, "ఏరా, చదువు అబ్బలేదా?" అని. పని నేర్పే చదువు అసలు చదువే కాదన్నట్టు! ఆ ప్రశ్న నేనూ విన్నాను. పదో తరగతి అయ్యాక వ్యవసాయం ఒకేషనల్ గ్రూపులో చేరి, బ్రిడ్జి కోర్సు పాసై, ఇప్పుడు ఈ కళాశాలలో బి.యస్సీ. చదువుతున్నాను. అందుచేత వృత్తివిద్యా కళాశాలల్లో పాఠం ఎలా చెబుతున్నారు, ఎలా చెబితే బాగుంటుంది అన్న విషయం మీద నాలుగు మాటలు రాయడానికి నాకు కొంత అర్హత ఉందనుకుంటున్నాను. గురువులను తప్పుపట్టడం నా ఉద్దేశ్యం కాదు. వెనక బెంచీలో కూర్చున్నవాడికి నల్లబల్ల ఎలా కనిపిస్తుందో చెప్పాలని మాత్రమే.

మొదటి సంవత్సరం మా తరగతి ఇలా జరిగేది. సారు లోపలికి వచ్చేవారు. హాజరు తీసుకునేవారు. "రాసుకోండి" అనేవారు. "మృత్తిక అనగా..." అని మొదలయ్యేది. గంట కొట్టేదాకా మా కలాలు నడుస్తూనే ఉండేవి. కిటికీ బయట, పది అడుగుల దూరంలో నల్లరేగడి నేల బీటలు వారి కనిపిస్తూ ఉండేది. రెండేళ్ళలో ఒక్కసారైనా ఆ మట్టిని పిడికిట్లోకి తీసుకుని చూడండర్రా అని ఎవరూ అంటారేమో అని ఎదురుచూశాం. తరగతిలో ముప్పాతికమంది రైతుల పిల్లలమే. మట్టి గురించి మాకు ఏమీ తెలియదన్నట్టే పాఠం మొదలయ్యేది, ఏమీ తెలియకుండానే ముగిసేది.

పరీక్షల్లో నాకు మంచి మార్కులే వచ్చాయి. 'గాఢత' నిర్వచనం తప్పులేకుండా రాశాను. ఆ సెలవుల్లో ఒకరోజు మా నాన్న పురుగుమందు సీసా పట్టుకొచ్చి, "ఒరేయ్ అబ్బాయ్, దీనిమీదేమో ఎకరానికి 400 ఎమ్మెల్ అని ఉందట. కొట్టతనేమో ట్యాంకుకి నాలుగు మూతలు పొయ్యమన్నాడు. ఏది పొయ్యమంటావు?" అని అడిగాడు. నేను సీసా వంక చూశాను, ట్యాంకు వంక చూశాను. నోట మాట రాలేదు. నాన్న ఏమీ అనలేదు. నాలుగు మూతలే పోసుకుని చేలోకి వెళ్ళిపోయాడు. ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది. మా ఇంట్లో అప్పు చేసి కట్టిన ఫీజుకి నేను తెచ్చిన ఫలితం అది!

నాతో ఒకే బస్సులో వచ్చే మా ఊరి కుర్రవాడు ఎలక్ట్రికల్ సెక్షనులో ఉండేవాడు. బోరు దగ్గర మోటారు మూలుగు విని, "ఒక ఫేజు పోయింది, ఆపెయ్యండి, లేకపోతే వైండింగు కాలిపోద్ది" అని చెప్పగలవాడు. కాని 'సింగిల్ ఫేజింగ్ గూర్చి వివరింపుము' అన్న ప్రశ్నకు తెల్లకాగితం ఇచ్చి వచ్చాడు. తనకు తెలిసిన సంగతికే పుస్తకంలో ఆ పేరు ఉందని వాడికి ఎవరూ చెప్పలేదు. తప్పాడు, మానేశాడు. ఇప్పుడు వైండింగు షాపులో పనిచేస్తున్నాడు. పనిలో దిట్ట. కాని లైన్‌మన్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలంటే కాగితం కావాలి, అది వాడి దగ్గర లేదు. పని వచ్చినవాడు పని నేర్పే కాలేజీలో తప్పడం కంటే విచిత్రం ఏముంటుంది? ఆ లోపం వాడిదొక్కడిదేనా?

రెండో సంవత్సరంలో గంటల లెక్కన జీతం తీసుకునే ఒక సారు మాకు వచ్చారు. మొదటి రోజే పుస్తకం మూయించి, ఒక స్ప్రేయరు, ఒక కొలపాత్ర, ఒక తాడు తెప్పించారు. కాలేజీ వెనక ఒక సెంటు స్థలం కొలిపించారు. ట్యాంకులో మంచినీళ్ళు నింపి, "మీ చేలో ఎలా కొడతారో అలాగే కొట్టండి" అన్నారు. ఒకడు గబగబా నడిచాడు, ఒకడు నింపాదిగా నడిచాడు. ఎన్ని నీళ్ళు ఖర్చయ్యాయో కొలిస్తే మొదటివాడికి లీటరుంపావు, రెండోవాడికి రెండున్నర లీటర్లు. "ఎకరానికి నూరు సెంట్లు. ఇప్పుడు చెప్పండి" అన్నారు. ఒకడికి 125 లీటర్లు, ఇంకొకడికి 250. ఇద్దరూ లీటరుకు 2 ఎమ్మెల్ చొప్పున మందు కలిపితే ఒకడి ఎకరంలో 250 ఎమ్మెల్ పడుతుంది, ఇంకొకడి ఎకరంలో 500! కలిపింది ఒకటే, పడింది రెండింతలు. తరగతి అంతా గోలగోల అయిపోయింది. అప్పుడు సారు సుద్దముక్క తీసుకుని, "లీటరులో ఎంత కలిపామో దాని పేరు గాఢత. ఎకరంలో ఎంత పడిందో దాని పేరు మోతాదు" అని రాశారు.

ఆ రోజు రాత్రి ఇంటికి వెళ్ళి మా నాన్న ప్రశ్నకి జవాబు కట్టాను. మన నడకకి ఎకరానికి 200 లీటర్లు పడితే, 400 ఎమ్మెల్ అంటే లీటరుకు 2. మన 16 లీటర్ల ట్యాంకుకి 32 ఎమ్మెల్. మూత కాదు, కొలగ్లాసు కావాలి. నాన్న కొలగ్లాసు కొన్నాడు. ఇప్పుడు బి.యస్సీ. ల్యాబులో ద్రావణాలు పలుచన చేసే లెక్క వస్తే నాకు భయం వెయ్యదు. అది నాకు స్ప్రేయరు ట్యాంకులోనే అర్థమైంది.

ఆ సారు పద్ధతిలో ఉన్న రహస్యం ఒకటే: ముందు పని, తరువాత పేరు. మనవాళ్ళు సాధారణంగా చేసేది దీనికి తలకిందులు. ముందు పేరు, తరువాత నిర్వచనం, తరువాత ఉపయోగాలు; పని మాత్రం 'ప్రాక్టికల్సులో చూద్దాం' అంటారు. ప్రాక్టికల్సు వచ్చేసరికి సీనియర్ల రికార్డు చూసి దించేస్తాం. వృత్తి నేర్చుకోవడానికి వచ్చిన విద్యార్థికి చేతికి తెలిసిన తరువాతే మాట అతుకుతుంది.

ఇది కొత్త సిద్ధాంతమేమీ కాదు. చేతిపని ద్వారానే చదువు చెప్పాలని గాంధీగారు 1937లో వార్ధా విద్యామహాసభ ముందు పెట్టారు. 1964-66 కొఠారి కమిషన్ వృత్తివిద్యకు పెద్దపీట వేసింది. 2020 జాతీయ విద్యావిధానం 2025 నాటికి కనీసం సగంమంది విద్యార్థులకైనా వృత్తివిద్యతో పరిచయం కల్పించాలని లక్ష్యం పెట్టుకుంది. కాగితం మీద మనకు ఏ లోటూ లేదు. లోటు ఉన్నది పీరియడు మొదలైన తరువాతి యాభై నిమిషాల్లోనే.

ఆ యాభై నిమిషాల కోసం గురువులకు నా మనవులు మూడు.

ఒకటి. ప్రశ్న అడిగాక కాస్త ఆగండి. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆమె 1970లలో తరగతి గదుల సంభాషణలను పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేల్చింది. మూడు సెకన్లు ఆగితే చాలు, ఎక్కువమంది జవాబు చెబుతారట, చెప్పే జవాబూ పెద్దదవుతుందట. తెలుగు మీడియం నుంచి వచ్చిన మాలాంటివాళ్ళకి ప్రశ్నను మనసులో తెలుగులోకి మార్చుకోవడానికే ఆ మూడు సెకన్లు పడతాయి.

రెండు. మా మాట మీద మీ మాటను కట్టండి. మోటారు మూలుగు, ఫేజు పోవడం, నేల చవుడు తేలడం – ఇవి మా ఇంటి మాటలు. వాటిని చూసి నవ్వకుండా, "దీన్నే పుస్తకంలో ఇలా అంటారు" అని పక్కన ఇంగ్లీషు పేరు రాయండి. అప్పుడు పరీక్షా పాసవుతాం, పనీ మరిచిపోం.

మూడు. ఊళ్ళో పనివాడిని ఏడాదికి రెండుసార్లయినా తరగతికి పిలవండి. మెకానిక్కు పక్కన లెక్చరరు గారు నిలబడి, అతను చేసేదానికి కారణం చెబితే దానికి మించిన పాఠం ఉండదు. అందులో గురువుకి చిన్నతనం ఏముంది?

"సిలబసు ఎవరు పూర్తిచేస్తారు?" అని అడుగుతారని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. పరికరాలు లేవు, పోస్టులు ఖాళీ, మాకు మేలు చేసిన ఆ సారుకే జీతం నెలనెలా అందేది కాదు. ఈ సంగతులు పాలకులు పట్టించుకోవాలి. కాని మేము చేసిన ప్రయోగానికి కావలసింది స్ప్రేయరు, తాడు, నీళ్ళు. విత్తనం మొలకశాతం నేర్పడానికి నూరు వరిగింజలు, ఒక తడి గోనెపట్టా చాలు. 80 మొలవకపోతే ధృవీకరణ విత్తనంగా పనికిరాదని చెబితే శాతాలంటే ఏమిటో ఎవడూ మరిచిపోడు. ఇక ఫలితాల సంగతా? సైన్సు, ఇంజనీరింగు, గణితం తరగతుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి 2014లో అమెరికాలో లెక్క చూశారు. ఉపన్యాసం మాత్రమే విన్న తరగతుల్లో నూటికి సుమారు 34 మంది తప్పితే, విద్యార్థులు చేతులూ నోళ్ళూ కదిపిన తరగతుల్లో తప్పినవారు 22 మంది. సిలబసు పూర్తయి పన్నెండుమంది ఎక్కువ తప్పడం కంటే, ఒక చాప్టరు మిగిలి ఆ పన్నెండుమంది నిలబడడం మేలు కాదా?

తప్పంతా గురువులదేనని నేను అనను. "సార్, నోట్సు చెప్పండి" అని అరిచేది మనమే. ఎవరైనా లెక్చరరు బయటికి తీసుకెళ్ళి ఏదైనా చూపించబోతే "ఇది పరీక్షకి వస్తుందా సార్?" అని అడిగేదీ మనమే. నేనూ అడిగాను. స్ప్రేయరు పాఠం రోజున సారుని మొట్టమొదట ఆ ప్రశ్న అడిగింది నేనే. ఆయన కోపగించకుండా, "పరీక్షకి రాకపోవచ్చు, మీ నాన్నకి వస్తుంది" అన్నారు.

మిత్రులారా! మనలో చాలామందిమి రేపు బి.యిడి. చేసో, పి.జి. చేసో ఏదో ఒక కాలేజీలో సుద్దముక్క పట్టుకుంటాం. అప్పుడు మనం కూడా "రాసుకోండి" అంటామా, లేక తలుపు తీసి బయటికి తీసుకెళతామా? ఈలోగా మన విద్యార్థి సంఘానికి ఒక సూచన. పాత విద్యార్థుల్లో పని తెలిసినవాళ్ళు ఎందరో ఉన్నారు. వార్షికోత్సవానికి దండలు వేసి పంపేయకుండా, వచ్చే సంవత్సరం నుంచి వాళ్ళను తలా ఒక పూట దగ్గరలోని ఒకేషనల్ కాలేజీ పిల్లల ముందు నిలబెడదాం. మొదటి పూటకి ఎవరిని పిలవాలో నాకు తెలుసు. వైండింగు షాపులో ఉన్న మా ఊరివాడిని. కాగితం లేకపోయినా, పాఠం వాడి చేతిలో ఉంది.

– బి.యస్సీ. విద్యార్థి