కోడ్ రాసేవాళ్లు రైతును కలవాలా?

సాఫ్ట్‌వేర్ డెవలపర్ దాన్ని వాడేవాళ్లతో నేరుగా మాట్లాడాలా, మధ్యలో బిజినెస్ అనలిస్ట్ చెప్పింది చేస్తే చాలా? ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న ఎదురైతే పుస్తకంలో జవాబు వెతకక్కర్లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విద్యార్థులకు ఉదాహరణ ఇంట్లోనే ఉంది. అదే ధరణి.

2020 అక్టోబర్ 29న మొదలైన ఈ పోర్టల్‌తో సాగుభూముల రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ తహసీల్దార్ ఆఫీసులోనే ఒకేసారి అయిపోయేవి. రికార్డు సరిగ్గా ఉన్నవాళ్లకు మేలే జరిగింది. చిక్కంతా పాస్‌బుక్‌లో పేరు తప్పు పడ్డవాళ్లకు, విస్తీర్ణం తగ్గినవాళ్లకు. సర్వే నంబర్లో రెండెకరాలు కాలువకు పోతే, మిగిలిన పట్టా భూమి కూడా నిషేధిత జాబితాకెక్కిన రైతులూ ఉన్నారు. మొదట్లో వీళ్లకు నొక్కడానికి ఆప్షనే లేదు. సవరణల మాడ్యూళ్లు తర్వాత ఒక్కొక్కటిగా వచ్చాయి. ఏ సమస్యకు ఏ మాడ్యూలో తేల్చుకోవడం మళ్లీ ఇంకో తిప్పలు.

అసలు ధరణిని వాడేదెవరు? రైతు అంటాం. కానీ స్క్రీన్ ముందు కూర్చునేది మీసేవ ఆపరేటర్. ఫలితం అనుభవించేది రైతు. ఇద్దరినీ చూడకుండా రాసిన కోడ్‌లో లోటు ఎక్కడో ఉండే తీరుతుంది. కౌంటర్ దగ్గర ఒక్క పూట నిలబడితే చాలు, ఫౌతీ అంటే ఏమిటో, బై నంబర్లు ఎందుకు తలనొప్పో తెలిసిపోతుంది. స్పెసిఫికేషన్ పత్రంలో ఇవి ఒక లైనుకు మించి ఉండవు.

అలాగని తప్పంతా కోడ్‌ మీద తోసేయలేం. 2020 చట్టం రెవెన్యూ కోర్టులను ఎత్తేసింది. అప్పీలుకు తోవే లేనప్పుడు డెవలపర్ బటన్ పెట్టినా దరఖాస్తు ఎక్కడికి పోవాలి? ఆ తోవ 2025లో భూభారతి చట్టంతోనే తిరిగొచ్చింది. ఆ జూన్‌లో అధికారులే ఊళ్లకెళ్లి రెవెన్యూ సదస్సుల్లో దరఖాస్తులు తీసుకున్నారు. ఇది పోర్టల్ కట్టకముందే జరగాల్సిన పని కదా!

రోజూ ఫోన్లెత్తే డెవలపర్‌కు కోడ్ రాసే తీరిక ఉండదు, నిజమే. ఒకరు అడిగిందల్లా కలిపేస్తే ఇంకొకరికి అడ్డం. అందుకే డిజైన్‌కు ముందు కొన్నాళ్లు, విడుదలయ్యాక మొదటి వారాలు నేరుగా కలవాలి. మిగతా కాలం అనలిస్ట్ ఉంటే మంచిదే. సర్వీస్ కంపెనీలో ఫ్రెషర్‌కు క్లయింట్‌ను కలిసే వీలు తక్కువ. అక్కడ సపోర్ట్ టికెట్లు చదవడమే దానికి దగ్గరి దారి.

ఫైనలియర్ ప్రాజెక్టుకు ఇంకో ఈ-కామర్స్ సైట్ ఎందుకు? దగ్గర్లోని మీసేవలో అనుమతి అడిగి రెండు రోజులు కూర్చోండి. ఏ దరఖాస్తు ఎక్కడ ఆగిందో రాసుకోండి. ఆధార్, పాస్‌బుక్ నంబర్లు మాత్రం రాసుకోవద్దు.