ఊహాగానాల కింద నలిగిన కుటుంబాలు

హకీంపేట శిక్షణ విమానాల చప్పుడు శామీర్‌పేట, మేడ్చల్ జనానికి రోజూ ఉండేదే. వెళ్లిన విమానం తిరిగొస్తుందనే మన నమ్మకం. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన వాయుసేన ఏఎన్-32 మాత్రం రాలేదు. బంగాళాఖాతం మీద రాడార్‌కు అందకుండా పోయింది. అందులోని 29 మందిలో ఎనిమిది మంది విశాఖ నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు.

ఇక ఊహాగానాలు. విద్రోహమా అన్న ప్రశ్న రాజ్యసభలోనే వచ్చింది. ఆ అవకాశం చాలా తక్కువని అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ చెప్పారు. గల్లంతైన మనిషి ఫోను మోగిందని ఒక ఇంటివాళ్లు అన్నారు. వాళ్ల ఆశను తప్పుపట్టలేను. ఆ ఆశకు మసాలా జోడించి టీవీల్లో వడ్డించినవాళ్ల మీదే నా కోపమంతా. 239 మందితో మాయమైన మలేసియా ఎంహెచ్370 విషయంలోనూ అంతే కదా!

చివరికి చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3400 మీటర్ల లోతున ఏఎన్-32 శకలాలు కనిపించాయని 2024 జనవరిలో ప్రకటించారు. వాటిని ఫొటో తీసింది మనిషి లేకుండా నీటి అడుగున నడిచే యంత్రం. సముద్రంలో తప్పిపోయినవి ఎటు కొట్టుకుపోతాయో లెక్కగట్టే ఇన్‌కాయిస్ సంస్థ మన జిల్లాలోనే, ప్రగతినగర్‌లో ఉంది. ఈ సంచిక ముఖచిత్ర కథనం ఆ లెక్కల గురించే.