యంత్రలోకం: పంపుది కాదు నేరం

ఈ శీర్షికలో ఇంతవరకు మన కర్మాగారపు యంత్రాలను గురించే ముచ్చటించుకున్నాము. ఈ మారు సముద్రాలు దాటి, అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో మంచు రోడ్డుపై ఆగిపోయిన ఒక ట్రక్కు కథ చెప్పదలచాము. కథ అక్కడిదే అయినా, పాఠం మన వాహనశాలకు కూడా పనికివచ్చేదే.

పదవీ విరమణానంతరం ఒక శీతకాలం మేము మా అబ్బాయి ఇంట గడిపాము. అతని వద్ద వెనుక తొట్టి ఉండే పెట్రోలు పికప్ ట్రక్కు ఒకటి ఉన్నది. కొంతకాలంగా ఉదయం పూట ఎంత సెల్ఫ్ కొట్టినా అది ఒక పట్టాన అందుకునేది కాదు. ఒక సాయంత్రం మనుమరాలితో సహా అందరమూ వస్తుండగా, హైవే మధ్యలో ఇంజను ఆగిపోయింది. ఎలాగో పక్కకు చేర్చాడు. భారీ లారీలు దూసుకుపోతున్నప్పుడల్లా మా బండి ఊగిపోయేది. గడ్డకట్టే చలిలో, లాగుడు బండి వచ్చేవరకు పాపను శాలువాలో చుట్టుకుని కూర్చున్నాము. ఆ ముప్పావు గంట మేము మరచిపోలేనిది.

మరమ్మతు శాల వారు కంప్యూటరు పెట్టి చూసి, ఇంధన పంపు పోయిందన్నారు. ఆ పంపు పెట్రోలు ట్యాంకు లోపల ఉంటుంది. ట్యాంకు దించి కొత్త పంపు వేశారు. బిల్లు పెద్దదే అయింది. సరిగ్గా వారం తిరిగేసరికి బండి మళ్ళీ ఆగింది.

"నాన్నగారూ, మీరొకసారి చూడకూడదా?" అన్నాడు అబ్బాయి. మేము వెనుకాడాము. మూడు దశాబ్దాలు వాహనశాలలో పనిచేసిన మాట నిజమే. కాని మా చేతికి అలవాటైనవి చేతిపంపుతో గాలి తీసే డీజిలు ఇంజన్లు. కంప్యూటరు నడిపే ఈ బండిలో మాకేమి తెలుస్తుంది? చివరకు ఒక ఒప్పందానికి వచ్చాము. చదవడం అతని వంతు, తాకి చూడడం మా వంతు.

1996 నమూనా సంవత్సరం నుండి అమెరికాలో అమ్మే కార్లకు, తేలిక ట్రక్కులకు దోష సంకేతాలు చదువుకునే ఏర్పాటు తప్పనిసరి అయింది. చిన్న పరికరం తగిలించగానే 'పి0627' అనే సంకేతం కనబడింది. పంపు నియంత్రణ వలయంలో తెగుదల ఉందని దాని అర్థం. ఇక్కడే చాలామంది పొరబడతారు. సంకేతం ఏ వలయంలో తప్పు జరిగిందో చెబుతుందే గాని, ఏ భాగం మార్చాలో చెప్పదు. పంపు, తీగలు, ఫ్యూజు, రిలే, ఎర్త్, నియంత్రణ మాడ్యూల్, ఇవన్నీ ఆ వలయంలోనివే.

ఇంతకీ ఈ మాడ్యూల్ చేసే పని ఏమిటి? ఫ్యాను రెగ్యులేటరు ఫ్యానుకు చేసే పనినే ఇది పంపుకు చేస్తుంది. ఇంజను కంప్యూటరు ఎంత ఇంధనం కావాలో ఆదేశిస్తుంది. మాడ్యూల్ విద్యుత్తును క్షణానికి ఎన్నోసార్లు తెంపి కలుపుతూ, పంపు వేగాన్ని హెచ్చించి తగ్గిస్తుంది. ఆ పనిలో వేడెక్కుతుంది కనుక దానిని అల్యూమినియం పెట్టెలో అమరుస్తారు. కొన్ని నమూనాలలో ఆ పెట్టెను బండి వెనుక భాగాన, స్టెపినీకి పైన, ఛాసిస్ ఉక్కు అడ్డకమ్మీకి నేరుగా బిగిస్తారు. మా అబ్బాయి బండి అటువంటిదే.

మరునాడు స్టెపినీ దించి, అట్టముక్క పరచుకుని బండి క్రింద పడుకున్నాము. లైటు వేసి చూడగానే అడ్డకమ్మీకి, పెట్టెకు నడుమ తెల్లని పొడి పొరలు పొరలుగా కనిపించింది. ఆ తెల్లపొడిని మేము ఎన్నడూ మరువలేము! సముద్రతీరాన ఉక్కుకు బిగించిన అల్యూమినియం ఎలా తినివేయబడుతుందో మన ఆవరణలోనే ఎన్నోసార్లు చూశాము. రెండు వేర్వేరు లోహాలు కలిసినచోట ఉప్పునీరు చేరితే అది చిన్న బ్యాటరీ వలె పనిచేస్తుంది. రెండింటిలో చురుకైన లోహం కరిగిపోతుంది. ఉక్కుపై జింకు పూత వేసి రక్షించేది ఈ సూత్రంతోనే. ఇక్కడ అల్యూమినియం ఆ బలి అయింది. మిచిగన్‌లో శీతకాలమంతా మంచు కరగడానికి రోడ్లపై ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరే చక్రాల నుండి చిమ్మి పైకి చేరింది. పెట్టె అడుగు చిల్లులుపడి, లోపలికి తేమ దిగింది.

అయినా కంటికి కనబడినంత మాత్రాన తీర్పు చెప్పరాదు. ఇతర సాక్షులను కూడా విచారించాము. మొదట ఫ్యూజు, రిలే చూశాము. తరువాత మాడ్యూల్ కనెక్టరు వద్ద విద్యుత్తు, ఎర్త్ సరిగా వస్తున్నవో లేదో ఒక బల్బు వెలిగించి పరీక్షించాము. మీటరు మాత్రమే చూస్తే, ఒక్క పోగుపై వేలాడుతున్న తీగ కూడా పన్నెండు వోల్టులు చూపుతుంది. బరువు పడితేనే దాని బలం బయటపడుతుంది. ఆపై ఆరుబయట, అగ్నిమాపకాన్ని దగ్గర ఉంచుకుని, ట్యాంకుకు దూరంగా కనెక్టరు వద్దనే ఫ్యూజు గల తీగతో పంపుకు నేరుగా విద్యుత్తు ఇచ్చాము. పంపు హాయిగా తిరిగింది. ఇక సందేహం లేదు, దోషి మాడ్యూలే.

మార్చే పని గంటలో ముగిసింది. బ్యాటరీ నెగటివ్ తీగ తప్పించాము. కనెక్టరు ఊడదీసి, తుప్పు పట్టిన బోల్టులకు నూనె పట్టించి, నిదానంగా విప్పాము. అడ్డకమ్మీని గీకి రంగు వేశాము. కొత్త మాడ్యూల్‌తో వచ్చిన స్పేసర్లను మరువకుండా అమర్చాము. అవి పెట్టెకు, ఉక్కుకు నడుమ ఖాళీ ఉంచి, మళ్ళీ అదే రోగం రాకుండా కాపాడతాయి. బ్యాటరీ కలిపి, రెండు మూడుసార్లు తాళం తిప్పి పంపు చప్పుడు విన్నాము. తొలి సెల్ఫ్‌కే ఇంజను అందుకున్నది. ఖర్చు పంపు బిల్లులో పదో వంతు కూడా కాలేదు. ఒక హెచ్చరిక: కొన్ని నమూనాలలో కొత్త మాడ్యూల్‌కు ప్రోగ్రామింగ్ చేయనిదే బండి కదలదు. ఆ బండి సేవాగ్రంథం ముందుగా చూసుకోవాలి.

మన దేశంలో 2017 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-4, 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. నేటి మన డీజిలు లారీలలో కూడా ఇంధనాన్ని కంప్యూటరే నియంత్రిస్తున్నది. కనుక వాహనశాల సోదరులకు రెండు మనవులు. మొదటిది, సంకేతం చూడగానే భాగం మార్చవద్దు. విద్యుత్తు, ఎర్త్, కనెక్టరు చూసిన తరువాతే కొత్త భాగానికి ఇండెంటు వ్రాయండి. రెండవది ప్రాణానికి సంబంధించినది. పాత ఇంజన్లలో గాలి తీయడానికి, ఇంజను తిరుగుతుండగా ఇంజెక్టరు పైపు నట్టు వదులు చేసేవారము. కామన్ రైల్ ఇంజన్లలో ఆ పని ఎన్నటికీ చేయరాదు. అక్కడ పీడనం వెయ్యి బార్లు దాటుతుంది. ఆ సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని శరీరం లోపలికి పోతుంది. గాయం సూదిపోటంత కనిపించినా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

ఆ రాత్రి అబ్బాయి, "మీరు లేకపోతే రెండో పంపు కూడా కొనేవాణ్ణి" అన్నాడు. మాకు సంతోషమే కలిగింది. కాని నిద్రపట్టలేదు. చాలాకాలం క్రితం మన లారీ ఒకటి ఘాట్ రోడ్డుపై పదేపదే ఆగిపోయేది. డ్రైవరు డీజిలు కల్తీ చేస్తున్నాడని అనుమానం పుట్టింది. ఆ నివేదికపై సంతకం చేసినవారిలో మేమూ ఉన్నాము. రెండు నెలలు అతనికి బండి ఇవ్వలేదు. మరొక డ్రైవరు చేతిలో కూడా లారీ ఆగిన తరువాత గాని, ట్యాంకు నుండి వచ్చే పైపులోని వెంట్రుకంత పగులు గాలి పీలుస్తున్నదని తేలలేదు. అతనిని క్షమాపణ కోరాము. అతను నవ్వి, "పోనీలెండి సార్" అన్నాడు. ఆ రెండు నెలలు మాత్రం మేము తిరిగి ఇవ్వలేకపోయాము.

యంత్రమైనా, మనిషి అయినా, పరీక్షించకుండా నేరం మోపవద్దు. వచ్చే సంచికలో మళ్ళీ కలుసుకుందాము.