గాలి పల్చబడే చోట బ్రేకు

పాత డీజిల్ పికప్ కొన్నవాడు మొట్టమొదట చేసే పని ఇంజనుకి చిప్పు పెట్టించడం. తర్వాత పెద్ద పొగగొట్టం, ఆ తర్వాత పెద్ద టైర్లు. బ్రేకుల సంగతి ఏ పదకొండో నంబరు దగ్గరో వస్తుంది, అదీ పక్క సీట్లో వాళ్ళు కెవ్వుమన్నాక. అప్పుడిక అందరిదీ ఒకటే మంత్రం: "హైడ్రోబూస్ట్ వేసెయ్ గురూ, బండి పాతుకుపోయినట్టు ఆగుద్ది!" మా ట్రక్కు బృందంలో (ఆశ్చర్యపోకండి, తెలుగువాళ్ళలోనూ ఉన్నాం, ఏడెనిమిది మందిమి) ఈ సలహా ఇవ్వనివాడు లేడు.

నేనూ హైడ్రోబూస్ట్ పార్టీయే. నా ట్రక్కుకీ అదే ఉంది. కానీ ఈ మందు ఏ జబ్బుకి పనిచేస్తుందో చూడకుండా వచ్చిన ప్రతివాడికీ రాసిచ్చేస్తుంటే చిరాకేస్తుంది. అది మీ కాలికి బలమిస్తుంది. అంతే. బ్రేకుని చల్లబరచదు, టైరుకి కొత్తగా పట్టు తెచ్చిపెట్టదు. ఈ తేడా తెలీకపోతే మాయింటి ముందు రోడ్డు మీద పెద్ద ప్రమాదమేం లేదు గానీ, వెనక ట్రైలర్ తగిలించుకుని కొండ దిగేటప్పుడు మాత్రం ఉంది.

నేను చెబుతున్నది 1994-97 నాటి ఫోర్డ్ ఎఫ్-250, ఎఫ్-350ల గురించి. నావిస్టార్ వాళ్ళు చేసిన 7.3 లీటర్ల పవర్‌స్ట్రోక్ డీజిల్ ఇంజను ఉన్నవి. నాది 1996ది. ఉండేది డెన్వర్లో, లాగేది క్యాంపింగ్ ట్రైలర్ని. సాఫ్ట్‌వేర్ వాడికి ఈ బండెందుకయ్యా అని మీరడగొచ్చు, మా అమ్మ కూడా అడుగుతుంది. ఆ సంగతి ఇంకోసారి.

ముందు అసలు ఇబ్బంది ఎక్కడుందో చూద్దాం. పెట్రోలు ఇంజనుకి గాలి వెళ్ళే దారిలో థ్రాటిల్ అనే తలుపుంటుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే ఆ తలుపు మూసుకుంటుంది. లోపల ఇంజను గాలి కోసం పీలుస్తూనే ఉంటుంది కాబట్టి అక్కడ వాక్యూమ్ పుడుతుంది. అంటే బ్రేకు బూస్టరుకి కావలసిన సరుకు ఊరికే దొరుకుతుందన్నమాట. ఆ కాలం డీజిల్‌కి ఈ తలుపే లేదు. గాలి ఎప్పుడూ నిండుగా వెళుతుంది, ఇంజను వేగం మారేది ఇంధనం ఎక్కువ తక్కువలతోనే. అందుకని వాక్యూమ్ కోసం బెల్టుతో తిరిగే పంపొకటి విడిగా పెట్టారు. మన వైపు టాటా సుమోల్లో ఆల్టర్నేటర్ వెనక అతికించిన చిన్న పంపు చేసే పనీ ఇదే.

బూస్టరంటే ఒక పెద్ద డబ్బా, మధ్యలో రబ్బరు పొర. పొరకి ముందువైపు వాక్యూమ్ ఉంటుంది. పెడలు తొక్కగానే వెనకవైపు బయటి గాలి దూరి పొరని ముందుకి నెడుతుంది. అందరూ వాక్యూమ్ లాగుతుందంటారు గానీ, పని చేసేది నిజానికి బయటి గాలి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 14.7 పౌన్లు. డెన్వర్ 5,280 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ సుమారు 12. ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ ఉన్నది 11,158 అడుగుల ఎత్తున. అక్కడ పది కూడా ఉండదు. అంటే మూడోవంతు బలం గాల్లోనే కలిసిపోయింది. కొత్త పంపు వేసినా, ఖరీదైన పంపు వేసినా, దేవుడే దిగొచ్చి పంపు తిప్పినా, ఉన్న గాలికి మించి అది నెట్టలేదు. పైగా టన్నెల్ దాటి సిల్వర్‌థార్న్ వైపు దిగితే ఎనిమిది మైళ్ళలో రెండువేల అడుగుల పైచిలుకు పల్లం. బ్రేకుతో అవసరం ఎక్కువయ్యే చోటే బూస్టరుకి బలం తక్కువ. ఫ్లోరిడాలో ఉండే మిత్రుడు "నా పాత బూస్టరు బ్రహ్మాండంగా ఉంది" అంటే నేను నమ్ముతాను. అతని గాలి వేరు, నా గాలి వేరు.

హైడ్రోబూస్ట్‌కి ఈ గొడవ లేదు. 1970ల్లో బెండిక్స్ వాళ్ళు తెచ్చిన పద్ధతి ఇది. పవర్ స్టీరింగ్ పంపు ఎలాగూ నూనెని ఒత్తిడితో తిప్పుతూ ఉంటుంది కదా, ఆ నూనెని స్టీరింగ్ కన్నా ముందు బ్రేకు దగ్గరికి తీసుకెళ్ళి, పెడలుకి సాయం పట్టిస్తారు. గాలితో పది పౌన్ల ఒత్తిడి దొరకడమే గగనమైతే, నూనెతో చదరపు అంగుళానికి వెయ్యి పౌన్లు దాటుతుంది. అందుకే యూనిట్ చిన్నగా ఉంటుంది, ఎత్తుతో సంబంధం ఉండదు. పక్కన అక్యుములేటర్ అని ఒక చిన్న పాత్ర ఒత్తిడిని దాచిపెడుతుంది కాబట్టి ఇంజను ఆగిపోయినా రెండు మూడుసార్లు బ్రేకు అందుతుంది. 1999లో సూపర్ డ్యూటీ తెచ్చినప్పుడు ఫోర్డ్ తన డీజిల్ ట్రక్కులకి ఇదే పెట్టింది. ఇంతకంటే సాక్ష్యమేం కావాలి?

మా ఇంట్లో తేడా ఎక్కడ తెలిసిందంటే, మా ఆవిడ డ్రైవింగ్‌లో. పాత బూస్టరుతో కొండ మీద ట్రక్కు ఆపాలంటే నేను సీటుకి నడుం ఆనించి తొక్కేవాణ్ణి. నాది ఎనభై కిలోల ఒళ్ళు. తను యాభై దాటదు. దూర ప్రయాణాల్లో ఇద్దరం మార్చుకుంటూ నడుపుతాం, వెనక పిల్లలుంటారు. ఇంట్లో ఒకరు మాత్రమే ఆపగలిగే బండిని నేను బండిగా లెక్కెయ్యను. హైడ్రోబూస్ట్‌కి డబ్బులెందుకు పెట్టావని ఎవరైనా అడిగితే నా జవాబు ఇదొక్కటే, మిగతావన్నీ దీని తర్వాతే.

సరే, ఇప్పుడు అది చెయ్యలేని పనుల సంగతి. ట్రక్కూ ట్రైలరూ కలిపి 12,000 పౌన్లనుకోండి. టన్నెల్ నుంచి రెండువేల అడుగులు దిగేసరికి ఎక్కడో ఒకచోట ఖర్చు కావలసిన శక్తి సుమారు 33 మెగాజూళ్ళు. అర్థమయ్యేలా చెప్పాలంటే వంద లీటర్ల చన్నీళ్ళని, అంటే అయిదారు బిందెలని, మరగబెట్టే వేడి. అందులో గాలి కొంత, ఇంజను కొంత పంచుకుంటాయి. మిగిలిందంతా డిస్కులూ డ్రమ్ములే తాగాలి. పెడలు మెత్తగా దిగుతోంది కదా అని దారంతా కాలు దాని మీదే ఉంచితే, హైడ్రోబూస్ట్ ఆ వేడిని ఒక్క చెంచా కూడా తగ్గించదు. చెప్పాలంటే ఇంకా హాయిగా తొక్కనిస్తుంది. దానికి తోడు బ్రేకు ఆయిల్ ఏళ్ళ తరబడి గాల్లో తేమ పీల్చుకుని ఉంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరిగే వేడి కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడ్ ఉండాలి, తేమ పట్టినదానికి ఆ హద్దు 140 దగ్గరే. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, పెడలు నేలకి దిగిపోతుంది. అప్పుడు ఏ బూస్టరుంటే ఏం లాభం?

2019 ఏప్రిల్లో ఇదే ఐ-70 మీద, లేక్‌వుడ్ దగ్గర, కొండ దిగి వస్తున్న కలప లారీ బ్రేకులు పోయి ట్రాఫిక్‌లోకి దూసుకొచ్చింది. నలుగురు చనిపోయారు. అది మన పికప్ కాదు, పెద్ద ట్రక్కు. అయితే ఆ కొండ మాత్రం ఇద్దరికీ ఒకటే.

అందుకని దిగేటప్పుడు గేరు తగ్గించాల్సిందే. డీజిల్ మిగులుతుందని ఘాట్ రోడ్డులో న్యూట్రల్ చేసి దించే డ్రైవర్లని మనందరం చిన్నప్పుడు చూసినవాళ్ళమే, ఆ విద్య ఇక్కడ వద్దు. ఇంకో చిక్కుంది. థ్రాటిల్ లేదని ముందే చెప్పాను కదా, అందువల్ల ఈ ఇంజన్లు గేరులో ఉన్నా పెట్రోలు ఇంజనంత గట్టిగా వెనక్కి పట్టవు. పొగదారిని అడ్డగించే ఎగ్జాస్ట్ బ్రేకు పెడితే ఆ కొరత తీరుతుంది. తరచూ కొండలెక్కే వాళ్ళు చిప్పుకి పెట్టే డబ్బు దీనికి పెడితే నేను సంతోషిస్తాను. ట్రైలర్ బ్రేకులైతే చెప్పనే అక్కర్లేదు. ఖాళీ రోడ్డు మీద పాతిక మైళ్ళ వేగంలో కంట్రోలర్ మీట ఒక్కటే నొక్కి చూడండి. ట్రైలర్ వెనక్కి లాగుతున్నట్టు తెలియకపోతే ముందు బాగుచేయించాల్సింది దాన్నే.

మా వాళ్ళలో ఒకాయన పెడలు మెత్తగా, స్పాంజిలా దిగుతోందని షాపుకి తీసుకెళ్తే, వాళ్ళు చక్రాలు విప్పి చూడకుండానే హైడ్రోబూస్ట్‌కి కొటేషన్ రాసిచ్చారు. తర్వాత తేలిందేంటంటే, వెనక డ్రమ్ముల సర్దుబాటు పోయింది, లైన్లలో గాలుంది. అంతే! పెడలు గట్టిగా ఉండి బండి ఆగకపోతే అప్పుడు బూస్టరునో, పంపునో, గొట్టాన్నో అనుమానించాలి. మెత్తగా దిగిపోతుంటే చూడాల్సింది ఆయిల్, గాలి, డ్రమ్ములు, ఉబ్బే రబ్బరు గొట్టాలు, మాస్టర్ సిలిండర్. దీనికి ఇంటి దగ్గర చేసుకునే పరీక్షుంది. ఇంజను ఆపి పెడలు నాలుగైదు సార్లు తొక్కి, నొక్కిపెట్టి ఉంచి స్టార్ట్ చేయండి. పెడలు కొంచెం కిందికి జారాలి. జారకపోతే సాయం అందట్లేదన్నమాట. ఇలాంటి పరీక్ష కూడా చెయ్యకుండా పార్టులు మార్చడం, లాగ్ చూడకుండా సర్వర్ మార్చినట్టుంటుంది. (మా ఆఫీసులో ఆ అలవాటున్న వాళ్ళూ ఉన్నారు, వాళ్ళ గురించి రాయను.)

ఇంకో మాట. సూపర్ డ్యూటీ బాగా ఆగుతుందంటే ఆ ఘనతంతా హైడ్రోబూస్ట్‌కే కట్టబెడుతుంటారు. దానికి నాలుగు చక్రాలకీ డిస్కులే. మన పాతవాటికి వెనక డ్రమ్ములు. పోలిక సరైనది కాదు.

ఇవన్నీ సరిచేశాక కూడా కాలు నొప్పెడుతుంటే, అప్పుడు వేయించండి. వేయిస్తే సగం సగం వద్దు. యూనిట్‌తో పాటు దానికి తగిన మాస్టర్ సిలిండర్, ఒత్తిడి తట్టుకునే కొత్త గొట్టాలు కూడా కావాలి, పంపు మంచి స్థితిలో ఉండాలి. యార్డులో పాత ట్రక్కునుంచి ఊడదీసిన యూనిట్ చవగ్గా దొరుకుతుంది. నేను అటువైపు చూడను. లోపలి సీళ్ళ వయసు చూసి చెప్పగలిగినవాడు ఇంకా పుట్టలేదు. తిరుగు నూనె గొట్టాన్ని రిజర్వాయరుకి నేరుగా కలపడం మేలు. స్టీరింగ్ తిరుగు గొట్టంలో ఇరికిస్తే వెనక ఒత్తిడి వచ్చి, తొక్కకుండానే బ్రేకు పట్టే ప్రమాదముంది. స్టీరింగ్ నూనె, బ్రేకు ఆయిల్ ఒకదాంట్లో ఒకటి పొరపాటున కూడా పడకూడదు, రబ్బరు సీళ్ళు ఉబ్బి నాశనమవుతాయి. గరాటు కూడా విడివిడిగా ఉంచుకోండి. గొట్టాలు విప్పే ముందు ఇంజను ఆపి, పెడలు గట్టిపడేదాకా తొక్కి, దాచిన ఒత్తిడి పూర్తిగా దించెయ్యాలి.

దీనికి అభ్యంతరం చెప్పేవాళ్ళు లేకపోలేదు. ఒకే పంపు మీద స్టీరింగ్, బ్రేకు రెండూ ఆధారపడితే ఒక్క బెల్టు తెగితే రెండూ పోతాయిగా అంటారు. నిజమే. కానీ పాత పద్ధతిలో మాత్రం? వాక్యూమ్ పంపు తిరిగేదీ బెల్టు మీదే. బెల్టు ఖరీదు ఒక పూట హోటల్ భోజనమంత, ఏడాదికోసారి చూసుకుంటే సరిపోతుంది. నాకు నిజంగా కనబడే లోపం వేరే. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, పార్కింగ్‌లో బ్రేకు గట్టిగా తొక్కి పట్టి స్టీరింగ్ తిప్పితే చక్రం బరువెక్కుతుంది. రెండు రోజుల్లో అలవాటైపోయింది.

వాక్యూమ్ పంపుతో ఇక పనేముందని పీకేసే ముందు మాత్రం దాని గొట్టాలు ఇంకెక్కడికి వెళుతున్నాయో వెతకండి. కొన్ని ట్రక్కుల్లో ఏసీ గాలిని అటూ ఇటూ మళ్ళించే తలుపులు ఆ వాక్యూమ్‌తోనే కదులుతాయి. నాది ఇంకా తిరుగుతూనే ఉంది.