తాళం గుర్తు ఉంది గదా!

పోయిన ఆదివారం రుద్రూర్‌లో మా ఇంటికి వెళ్లాను. నేను వాడి పక్కన పెట్టిన ఫోన్ ఇప్పుడు బాపు చేతిలో ఉంది. వడ్ల పైసలు పడ్డాయో లేదో చూసుకోవడం, ఎరువుల దుకాణంలో స్కాన్ చేసి కట్టడం, అన్నీ దాంట్లోనే. ఊరికే సెట్టింగ్స్ తెరిచి చూశాను. చివరి సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చి మూడేళ్లు దాటింది!

"బాపూ, ఇండ్ల బ్యాంకు పని చెయ్యకు" అన్నాను.

"ఏమైతది బిడ్డా? తాళం గుర్తు ఉంటే భయం లేదని నువ్వే చెప్తివి గదా" అన్నాడు.

నిజమే, నేనే చెప్పాను. సగమే చెప్పాను. మిగతా సగం చెప్పడానికి 2014 నాటి హార్ట్‌బ్లీడ్ కథ ఎత్తుకోవాల్సి వచ్చింది. మీరూ వినండి.

బ్రౌజర్‌లో తాళం గుర్తు ఉందంటే మన ఫోన్‌కీ ఆ సైట్‌కీ మధ్య నడిచే మాటలు మూడోవాడికి అర్థం కావని లెక్క. ఈ ఏర్పాటును ఏ సైట్‌కి ఆ సైట్ సొంతంగా రాసుకోదు. బజార్లో తాళం కొని తలుపుకు వేసుకున్నట్టు, రెడీమేడ్ కోడ్ తెచ్చి పెట్టుకుంటుంది. దాన్నే లైబ్రరీ అంటారు. అందులో బాగా పేరున్నది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్. ఫ్రీగా దొరుకుతుంది, ప్రపంచంలో సగం సర్వర్లు దాని మీదే నడుస్తున్నాయన్నా పెద్ద తప్పు కాదు.

అందులో హార్ట్‌బీట్ అని ఒక చిన్న సౌకర్యం చేర్చారు. కనెక్షన్ బతికే ఉందా అని అడగడానికి. ఇటువైపు నుంచి ఒక మాట పంపి, "ఇది ఇన్ని అక్షరాలు, తిరిగి పంపు" అంటారు. అటువైపు అదే మాట తిరిగి వస్తుంది. "ఉన్నవా?" అంటే "ఉన్న" అన్నట్టు. అంతే.

తప్పు ఎక్కడ జరిగిందంటే... బాపుకు ఇలా చెప్పాను. "నువ్వు గోదాముల ఒక్క బస్తా వేసి, చిట్టీ మీద 64 అని రాసినవనుకో. గోదామోడు లెక్క చూడలె. నువ్వు తిరిగి అడిగితే చిట్టీ చూసి 64 బస్తాలు ఇచ్చిండు. ఒకటి నీది. మిగతా 63 ఎవరివి?"

"పక్కోళ్లయి!" అన్నాడు బాపు, వెంటనే.

సరిగ్గా అదే. ఒక్క అక్షరం పంపి "64 వేల అక్షరాలు" అని అబద్ధం చెప్తే, సర్వర్ తన మెమరీలో పక్కనే ఉన్నదంతా కలిపి 64 కిలోబైట్ల దాకా పంపేసేది. మళ్లీ అడిగితే మళ్లీ. అందులో ఇంకొకరి పాస్‌వర్డ్ ఉండొచ్చు, ఆ తాళం అసలు చెవే ఉండొచ్చు. చెవి దొరుకుతుందా అని క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ ఒక సర్వర్ పెట్టి సవాల్ విసిరితే, ఒక్క రోజులోపే తీసి చూపించారు. ఇంకా ఘోరం, మామూలు లాగ్‌లలో దీని ఆనవాలే మిగలదు. ఇంత జరుగుతున్నా తాళం గుర్తు మాత్రం అలాగే మెరుస్తూ ఉండేది!

ఈ లోపం ఉన్న వెర్షన్ 2012 మార్చిలో బయటికొచ్చింది. గూగుల్‌లో పనిచేసే నీల్ మెహతా, ఫిన్లాండ్‌కు చెందిన కోడెనామికాన్ ఇంజినీర్లు వేర్వేరుగా దీన్ని పట్టుకున్నారు. 2014 ఏప్రిల్ 7న మందు వచ్చింది. ఏం మందో తెలుసా? చిట్టీ మీది అంకెనూ వచ్చిన సరుకునూ పోల్చి చూడటం. రెండేళ్లు ఎవరి కంటా పడనిది అదే. కెనడా పన్నుల శాఖలో ఆ కొద్ది రోజుల్లోనే 900 మంది గుర్తింపు నంబర్లు పోయాయి.

మరి ఎవరూ ఎందుకు చూడలేదు? అప్పట్లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు పూర్తికాలం పనిచేసేది ఒక్కరే. ఏడాదికి వచ్చే విరాళాలు రమారమి 2000 డాలర్లు. కోట్లు సంపాదించే కంపెనీలన్నీ ఆ తాళమే వేసుకున్నాయి, తాళం చేసేవాడికి కూలి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. గొడవయ్యాకే పెద్ద కంపెనీలు కలిసి లైనక్స్ ఫౌండేషన్ ద్వారా డబ్బు పెట్టాయి.

ఇక ఫోన్ సంగతి. సర్వర్లే కాదు, ఆండ్రాయిడ్ 4.1.1 ఉన్న ఫోన్లకూ ఈ జబ్బు ఉండేది. మందు తయారైనా, ఫోన్ కంపెనీ అప్‌డేట్ పంపితేనే అది మన చేతికొచ్చేది. బాపు ఫోన్‌కు హార్ట్‌బ్లీడ్ లేదు. కానీ ఈ మూడేళ్లలో బయటపడిన మిగతా లోపాలకు మందు దానికి చేరలేదు. తాళం గుర్తు ఆ మాట చెప్పదు.

అంతా విని బాపు ఒకటే అన్నాడు: "కాటా ఎయ్యకుంట చెరుకు బండిని బోధన్ ఫ్యాక్టరీల లోపలికి రానియ్యకపోతుండె. గంత సదువుకున్నోళ్లు గిదెట్ల మర్శిన్రు?"

నా దగ్గర జవాబు లేదు. బ్యాంకు యాప్ ఆయనే తీసేయమన్నాడు. కొత్త ఫోన్ కొనిచ్చేదాకా పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకే పోతాడట. ఆ ఖర్చు నాదే, తప్పదు.

మీరు కొత్త ఫోన్ కొన్నాక పాతది అమ్మకో, బాపుకో ఇచ్చే ఉంటారు. ఈ రోజు ఒక్క పని చేయండి. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. కొత్తది వస్తే వెంటనే వేయండి. ఇక రాదంటే అందులోంచి డబ్బు యాప్‌లు తీసేయండి. పాటలకూ, ఫొటోలకూ ఆ ఫోన్ భేషుగ్గా పనికొస్తుంది.