సంఘమున మార్పు: ఏ పోలికతో చూడవలెను?

సంఘమున మార్పు వచ్చుచున్నదన్నచో మన రైతులు రెండే ప్రశ్నలు వేయుదురు: అప్పు దొరకునా? వడ్డీ పెరుగునా? ఇవి న్యాయమైన ప్రశ్నలే. కాని మార్పు స్వరూపము తెలియవలెనన్న, దానిని కన్నులకు గట్టించు పోలిక యొకటి కావలెను. గారెత్ మోర్గన్ అను పండితుడు 1986లో వెలువరించిన గ్రంథమున సంస్థను యంత్రముగను, ప్రాణిగను, మెదడుగను భావింపవచ్చుననియు, ప్రతి పోలికయు కొంత చూపి కొంత మరుగుపరచుననియు వివరించెను.

ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములలో కంప్యూటర్లు నెలకొల్పుటకు కేంద్ర ప్రభుత్వము 2022లో 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించినది. దీనిని యంత్రమునకు క్రొత్త చక్రము బిగించుటగా తలంచినచో, లెక్కలు త్వరగా తేలునని బోధపడును. అది నిజమే. కాని చక్రము నభిప్రాయ మడుగువా రుండరు. సభ్యుని అడుగకుండ తీరదు. ఆ సంగతి యీ పోలికలో కానరాదు.

1987లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఏకగవాక్ష విధానముచే స్వల్పకాలిక, దీర్ఘకాలిక ఋణములు ఒక్క సంఘము ద్వారమునకే వచ్చినవి. ఇది మామిడి కంటు గట్టుట వంటిది. లోపొరలు రెండును కలియనిచో, పైకట్టు ఎంత బిగించినను కొమ్మ యెండును. అతికిన పిదప కట్టు విప్పనిచో, అదియే కొమ్మను నొక్కివేయును. శాసనము కట్టు మాత్రమే. అతుకవలసినది సభ్యుల మనస్సులు.

మనకు మిక్కిలి పరిచితమైనది చెరువు. మూలధనము నీరు, ఉపనిబంధనలు కట్ట, ఋణములు తూము, మొండిబాకీలు పూడిక. పూడిక తీయక కట్ట నెంత పెంచిన నేమి లాభము? అయినను చెరువు వాన కెదురుచూచును. ఈ పోలికనే నమ్ముకొన్నచో సహాయ మెల్లప్పుడు పైనుండియే రావలెనని కూర్చుందుము. బావికి ఊట అడుగునుండి పుట్టును, సభ్యుల పొదుపట్టిది. ప్రభుత్వ వాటాధనమునకు తావీయని 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము బావి పోలికకు చేరువైనది.

కావున సోదరులారా! ఇక మీద మహాజనసభలో ఏ మార్పు ప్రతిపాదింపబడినను, చేయెత్తుటకు ముందు దాని చిత్రమును నల్లబల్లపై గీయింపుడు. నీరెచటనుండి వచ్చును, ఎవరి పొలమునకు పోవును, తూము తాళపుచెవి ఎవరి చేత నుండును అని యడుగుడు. సభ్యునకు చోటులేని చిత్రమునకు సమ్మతి నీయకుడు.