గోష్ఠిలో చోటు

సాహిత్యగోష్ఠి, కవిగోష్ఠి, సంగీతగోష్ఠి అంటూ 'గోష్ఠి' అనే మాటను మనం ఎంతో గంభీరంగా ఉపయోగిస్తాం. ఆ మాట పుట్టిన చోటు మాత్రం పశువుల కొట్టం. సంస్కృతంలో 'గోష్ఠం' అంటే ఆవులు చేరే తావు. కొట్టంలో ముసలి ఆవూ ఉంటుంది, మొన్న పుట్టిన లేగదూడా ఉంటుంది. పాలు పితికే వేళ దూడను కొంచెం ఎడంగా కట్టినా, ఆ కప్పు కిందనే కడతారు. మన సంగీతసభల కార్యక్రమపత్రికలను చూసినప్పుడల్లా నాకు ఈ వ్యుత్పత్తి గుర్తుకు వస్తుంది.

ఆ పత్రికలలో సాధారణంగా కనిపించే క్రమం ఇది: మధ్యాహ్నం పిల్లల కచేరీలు, సాయంకాలం విద్వాంసుల కచేరీలు. మధ్యాహ్నపు శ్రోతలలో ఎక్కువమంది ఆ పిల్లల తల్లిదండ్రులే. సాయంకాలానికి వారిలో చాలామంది ఇళ్ళకు వెళ్ళిపోతారు. పిల్లలు విద్వాంసులను వేదిక కింద నుండి చూస్తారు. విద్వాంసులు పిల్లలను బహుమతులు అందజేసేటప్పుడు చూస్తారు. ఇద్దరి మధ్యా జరగవలసిన అసలు వ్యవహారం జరగనే జరగదు. విద్యార్థులూ అనుభవజ్ఞులూ ఒకే వేదికపై పక్కపక్కనే కూర్చుని పాడే, వాయించే చిన్న కచేరీలు నెలనెలా జరగాలనీ, అవి సంగీత కళాశాలలకే పరిమితం కాక మన వంటి ఊళ్ళ జూనియర్ కళాశాలలలో కూడా జరగాలనీ నా అభిప్రాయం.

ఇది కొత్త ఊహ కాదు. త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందారు. ఆయన వర్ధంతి అయిన పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులోనూ, తెలుగు పట్టణాలలోనూ నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాలలోని పంచరత్న కృతులను అందరూ కలిసి పాడతారు. దీనిని గోష్ఠిగానం అనే అంటారు. అరవైయేళ్ళ విద్వాంసుని పక్కనే పుస్తకం ఒడిలో పెట్టుకున్న విద్యార్థిని కూర్చుంటుంది. ఆమె ఒక సంగతి మరచిపోతే చుట్టూ ఉన్న గొంతులు ఆమెను ముందుకు తీసుకుపోతాయి. ఆ గంటసేపు ఎవరికీ ప్రథమ బహుమతి లేదు. మరునాటి నుండి మళ్ళీ ఎవరి వేదిక వారిదే.

పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు త్యాగరాజ శిష్యపరంపరకు చెందినవారు. విజయవాడలో ఆయన ఎందరికో సంగీతవిద్య నేర్పారు. అక్కడి ఆరాధనోత్సవాలలోనే ఆయన శిష్యుడైన ఎనిమిదేళ్ళ బాలుడు పూర్తి కచేరీ చేశాడు. ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ ఆ మురళీకృష్ణ పేరుకు ముందు 'బాల' అని చేర్చారు. 1930లో పుట్టి 2016లో మరణించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఆ బాలుడే. పిల్లవాని ప్రతిభ అసాధారణమైనదే, కాదనను. అయితే ఎనిమిదేళ్ళవానికి పెద్దల ఉత్సవంలో చోటు దొరకడం కూడా చిన్న విషయం కాదు. మరొక మధ్యాహ్నం పాడించి పంపివేసి ఉంటే భాగవతార్ ఆ పాటను విని ఉండేవారా?

విజయనగరంలో 1919లో మహారాజావారి సంగీత కళాశాల ఏర్పడింది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. అందులో విద్యార్థిగా చేరడానికి వెళ్ళిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని వయొలిన్ అధ్యాపకునిగా నియమించారని చెబుతారు. నేర్చుకునేవానికీ నేర్పేవానికీ మధ్య గీత ఎంత సన్ననిదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

పాశ్చాత్యుల 'ఛాంబర్ సంగీతం' కొద్దిమంది వాద్యకారులు చిన్న మందిరంలో కూర్చుని, నిర్వాహకుడు లేకుండా, ఒకరినొకరు వింటూ వాయించే సంగీతం. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో మార్ల్‌బరో అనే చిన్న ఊరిలో 1951లో పియానో విద్వాంసుడు రుడాల్ఫ్ సెర్కిన్, వయొలిన్ విద్వాంసుడు అడాల్ఫ్ బుష్ మొదలైనవారు ఈ సంగీతానికి ఒక వేసవి ఉత్సవం నెలకొల్పారు. యువకళాకారులు పేరుమోసిన విద్వాంసులతో కలిసి వారాల తరబడి సాధన చేస్తారు. సాధన చేసిన వాటిలో కొన్నిటిని మాత్రమే శ్రోతల ముందు వాయిస్తారు. మిగిలినవి సాధన గదిలోనే ఉండిపోతాయి. చెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్ ఎనభై దాటిన వయస్సులో కూడా ఏటేటా అక్కడికి వెళ్ళేవాడు.

అంతదూరం ఎందుకు? మా యాలాల్‌లో, తాండూరు చుట్టుపక్కల పల్లెలలో భజన కూటాలను చూడండి. కర్ణాటక సరిహద్దు దగ్గరిది కనుక తెలుగు పాట వెంట కన్నడ పదమొకటి దొర్లుతుంది. గుడి పంచలో నాపరాళ్ళ మీద చాప పరచి హార్మోనియం పెట్టుకున్న పెద్దాయన ఒక చరణం ఎత్తుకుంటే, మిగిలినవారు వంత పాడతారు. చివరలో కూర్చున్న కుర్రవాని చేతిలో చిరతలు ఉంటాయి. వాడు తాళం తప్పితే పాట ఆగదు, ఎవరూ మందలించరు. పెద్దాయన తల కొంచెం గట్టిగా ఊపుతాడు, అంతే. నాలుగు దెబ్బలలో కుర్రవాడు దారికి వస్తాడు. కొన్ని ఏకాదశులు గడిచాక వానికి మద్దెల ఇస్తారు.

ఈ దృశ్యం నన్ను ఇంతగా పట్టుకోవడానికి ఒక కారణం ఉంది. నేను చదువుకునే రోజులలో రెండేళ్ళపాటు గాత్రం నేర్చుకున్నాను. కళాశాల వార్షికోత్సవంలో ఒక కృతి పాడే అవకాశం వచ్చింది. మృదంగం వాయించేవాడు నావంటి విద్యార్థే. గురువుగారిని ముందు వరుసలో, అతిథుల మధ్య కూర్చోబెట్టారు. చరణంలో నా తాళం తప్పింది. నన్ను అందుకోవడం మృదంగం వాయించే మిత్రునికి తెలియలేదు. సభలో నవ్వులు వినిపించాయి. గురువుగారు కుర్చీలో ముందుకు వంగి చేతితో తాళం వేయడం నాకు కనిపించింది గాని, ఆ దూరం నుండి అందలేదు. ఆ తరువాత నేను పాడలేదు. సాహిత్యం నన్ను ఆదుకొన్నది కనుక ఫిర్యాదు లేదు. ఆయన నా పక్కనే తంబురా పట్టుకుని కూర్చుని ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన మాత్రం ముప్పై ఏళ్ళు దాటినా పోలేదు.

కచేరీ నాణ్యత దెబ్బతింటుందని కొందరు విద్వాంసులు ఆక్షేపిస్తారు. శ్రోతలు వచ్చేది పరిణత సంగీతం కోసమే గాని పాఠం వినడానికి కాదంటారు. ఈ మాటలో నిజముంది. పెద్ద సభలో, వందలమంది ముందు, ప్రధాన కచేరీలో ఈ ప్రయోగం చేయమని నేను అనడం లేదు. నలభైమంది పట్టే గదిలో, మైకు లేకుండా చేయమంటున్నాను. మైకు లేనప్పుడు గాయకుడు మృదంగాన్ని వినక తప్పదు, మృదంగం గాయకుని మించిపోకుండా ఉండక తప్పదు. కల్పనస్వరాలనే తీసుకోండి. గాయకుడు పాడిన స్వరానికి వయొలిన్ జవాబు చెబుతుంది. విడతలు క్రమంగా కురచనవుతాయి. ఒకవైపు విద్యార్థి, మరొకవైపు విద్వాంసుడు ఉంటే, విద్యార్థి వేసిన చిన్న ప్రశ్నను విద్వాంసుడు ఎంత అందంగా పెంచి తిరిగి ఇస్తాడో శ్రోతకు కళ్ళముందే తెలుస్తుంది. నాకైతే అది పరిణత సంగీతం కంటే తక్కువైనదిగా తోచదు.

గురువు వెనుక కూర్చుని తంబురా మీటుతూ గొంతు కలపడం మన శిష్యులకు పూర్వం నుండీ ఉన్నదే గదా అని మరొక మాట. ఉన్నది, మంచిదే. కాని వెనుక కూర్చున్నవానికి గురువు వీపే కనిపిస్తుంది. సంగతి తీసేముందు ముఖంలో మెదిలే ఆలోచన కనిపించదు. శిష్యుని ఒక జానెడు ముందుకు జరపమనే నా ప్రార్థన.

ఇటువంటి కచేరీలకు పెద్ద ఖర్చు అవసరం లేదు గాని, ఖర్చే లేదనడం తప్పు. కళాకారులను ఉచితంగా పిలిచి శాలువ కప్పి పంపే అలవాటు మనకు బాగా ఉంది. హైదరాబాదు నుండి వచ్చే విద్వాంసునికైనా, యాలాల్ భజన కూటం పెద్దాయనకైనా ప్రయాణపు ఖర్చులతోపాటు సంభావన ఇవ్వవలసిందే. ఇద్దరికీ ఒకే మొత్తం ఇవ్వాలని నేను పట్టుబడుతున్నాను. దీనిమీద మా అధ్యాపకుల గదిలో వాదన ఇంకా సాగుతూనే ఉంది.

మా కళాశాల గ్రంథాలయపు గదిలో బల్లలు జరిపితే నలభైమంది సుఖంగా కూర్చోవచ్చు. నెలకొక శనివారం, మూడు నుండి నాలుగున్నర వరకు అనుకున్నాం. మొదటి శనివారానికి హార్మోనియం పెద్దాయన ఒప్పుకున్నారు. విద్యార్థులలో ఒకమ్మాయి పాడతానన్నది. చిరతలకు మాత్రం ముగ్గురు పేర్లు ఇచ్చారు. ముగ్గురినీ కూర్చోబెట్టమని పెద్దాయన కబురు పంపారు.